రిపోర్టు నార్మల్ వచ్చిందా? మాత్ర మాత్రం మానకండి

బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య పార్కుకు రెండు వీధుల అవతల మా మందుల షాపు. ఆ కౌంటరు వెనక నిలబడటం మొదలుపెట్టి ఇరవై ఆరేళ్లయింది. రాత్రి తొమ్మిది దాటి గిరాకీ పలచబడ్డాక ఒక పొడవాటి నోటుపుస్తకం తీస్తాను. నెలనెలా మందులు తీసుకెళ్లేవారి పేరు, మాత్ర పేరు, తీసుకెళ్లిన తేదీ అందులో రాసుకుంటాను. బీపీ మాత్రలవాళ్లు, షుగరు మాత్రలవాళ్లు ఒకటి రెండు రోజులు అటూఇటూగా వచ్చేస్తారు. కొలెస్టరాల్ మాత్రలవాళ్ల వరుసలో మాత్రం మూడో నెలకో నాలుగో నెలకో తేదీలు ఆగిపోతుంటాయి. ఫోను చేసి అడిగితే ఎక్కువమంది చెప్పే జవాబు ఒక్కటే: "రిపోర్టు నార్మల్ వచ్చిందమ్మా, ఆపేశాను."

ఈ మాట మా ఇంట్లోనూ విన్నాను. సైదాబాద్‌లో ఉండే మా అన్నయ్యకు 2016లో, యాభై ఒకటో ఏట, ఎల్‌డీఎల్, అంటే రక్తనాళాల్లో పేరుకునే చెడు కొలెస్టరాల్, 168 వచ్చింది. అప్పటికే షుగరు ఉంది. డాక్టరు అటోర్వాస్టాటిన్ 20 మిల్లీగ్రాములు రాశారు. మూడు నెలల తర్వాత పరీక్ష చేయిస్తే 96. ఆ సాయంత్రం సంతోషంగా ఫోను చేశాడు. "తగ్గిపోయింది చెల్లీ, ఇంక ఆ మాత్రతో పనేముంది?" అన్నాడు. కౌంటరు ముందు అయిదారుగురు నిలబడి ఉన్నారు. "తర్వాత మాట్లాడతాను అన్నయ్యా" అని పెట్టేశాను. తర్వాత మాట్లాడనే లేదు. ఏడాదిన్నరకు ఒక తెల్లవారుజామున వదిన ఫోను చేసింది. ఛాతీలో బరువుగా ఉంటే గ్యాస్ అనుకుని, సోడా పొడి నీళ్లలో కలుపుకుని తాగి, రెండున్నర గంటలు కుర్చీలో కూర్చున్నాడట. స్టెంటు వేసి బతికించారు. కానీ గుండె కండరం కొంత దెబ్బతింది. మునుపటిలా రెండంతస్తులు ఆగకుండా ఎక్కలేడు.

ఆ సాయంత్రం ఫోనులో అన్నయ్యకు నేను చెప్పాల్సిన మాటలే ఇవి. నేను డాక్టరును కాను, ఫార్మసిస్టును. మీకు ఏ మందు, ఎంత మోతాదు అన్నది మీ డాక్టరే తేల్చాలి. ఆయన రాసినదాన్ని అర్థం చేసుకుని, ఏళ్ల తరబడి సరిగ్గా వాడుకోవడం ఎలాగో చెబుతాను.

ఆ మాత్ర చేసే పని

మన ఒంట్లోని కొలెస్టరాల్‌లో ఎక్కువ భాగం తిండి నుంచి వచ్చేది కాదు, ఒళ్లే తయారుచేసుకునేది. అందులో కాలేయానిది పెద్ద వాటా. అటోర్వాస్టాటిన్ లాంటి స్టాటిన్ మాత్ర ఆ తయారీకి కావలసిన ఒక ఎంజైమును అడ్డుకుంటుంది. కాలేయానికి కొరత వస్తుంది. కొరత తీర్చుకోవడానికి తన కణాల మీద ఎల్‌డీఎల్‌ను పట్టుకునే గ్రాహకాలను పెంచుకుని, రక్తంలో తిరుగుతున్న ఎల్‌డీఎల్‌ను లోపలికి లాగేసుకుంటుంది. రక్త పరీక్షలో అంకె తగ్గేది అందుకే. ఈ గ్రాహకాల సంగతి తేల్చిన మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది. మందును వెతికి పట్టింది మాత్రం జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో. రైతు కుటుంబంలో పుట్టిన మనిషి. 1970లలో వేల రకాల శిలీంధ్రాలను ఒక్కొక్కటిగా పరీక్షించి, చివరికి ఒక పెనిసిలియం బూజులో మొట్టమొదటి స్టాటిన్‌ను కనిపెట్టారు. 2024లో ఆయన చనిపోయారన్న వార్త చదివిన రోజు, షాపులో ఆ మాత్రలున్న అర ముందు కాసేపు నిలబడిపోయాను.

మాత్ర వేసుకుంటున్నంతకాలమే ఆ అడ్డు. మానేస్తే కొన్ని వారాల్లోనే కాలేయం పాత తీరుకు వెళ్లిపోతుంది, అంకె పాత చోటికి చేరుతుంది. జ్వరం తగ్గాక జ్వరం మాత్ర ఆపేసినట్టు దీన్ని ఆపకూడదు. కౌంటరు దగ్గర ఎవరైనా "నార్మల్ వచ్చింది కదా" అంటే నా కళ్లజోడు తీసి వాళ్ల చీటీ మీద పెడతాను. "ఇది పెట్టుకుంటే మీ చీటీలో అక్షరాలు చక్కగా కనిపిస్తున్నాయి. కనిపిస్తున్నాయి కదా అని రేపటి నుంచి దీన్ని ఇంట్లో వదిలేసి రానా?" అని అడుగుతాను. పెద్దవాళ్లు వెంటనే తల ఊపుతారు. రిపోర్టులో వచ్చిన ఆ మంచి అంకె, మాత్ర వేసుకుంటున్న మనిషిది. మాత్ర మానేసిన మనిషిది కాదు.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, ఎల్‌డీఎల్ 39 మిల్లీగ్రాములు తగ్గిన ప్రతిసారీ గుండెపోటు, పక్షవాతం లాంటి పెద్ద ప్రమాదాలు సుమారు అయిదింట ఒక వంతు తగ్గుతాయి. లక్షన్నర మందికి పైగా పాల్గొన్న ప్రయోగాలన్నిటినీ కలిపి చూస్తే తేలిన లెక్క ఇది. మా అన్నయ్యకు 72 తగ్గింది. అంటే దాదాపు మూడో వంతు రక్షణ చేతికి వచ్చి, ఒక్క ఫోను కాల్‌తో పోయింది.

రిపోర్టు చదివే పద్ధతి

చాలామంది పైన ఉన్న టోటల్ కొలెస్టరాల్ చూసి, 200 లోపు ఉంటే కాగితం మడిచేస్తారు. మీరు అక్కడ ఆగకండి. ముందు ఎల్‌డీఎల్ ఎక్కడుందో వెతకండి. తర్వాత టోటల్ నుంచి హెచ్‌డీఎల్, అంటే మంచి కొలెస్టరాల్, తీసేయండి. వచ్చేదాన్ని నాన్ హెచ్‌డీఎల్ అంటారు. రక్తనాళాల గోడల్లో పేరుకునే కొవ్వు రకాలన్నీ అందులోకి వస్తాయి. ఉదాహరణకు టోటల్ 210, హెచ్‌డీఎల్ 38 అయితే నాన్ హెచ్‌డీఎల్ 172. షుగరు ఉన్నవారికి, పొట్ట ఉన్నవారికి, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఇంకో రకం కొవ్వు) ఎక్కువున్నవారికి ఈ అంకె చాలా ముఖ్యం. మన ఊళ్లో ఈ మూడూ కలిసి ఉన్నవాళ్లే ఎక్కువ.

చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవరు, లెక్క కట్టి వేస్తారు. టోటల్ నుంచి హెచ్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్లలో అయిదో వంతు తీసేస్తే వచ్చేదే ఆ అంకె. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ లెక్క పనికిరాదు. అప్పుడు ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవమని అడగండి. ట్రైగ్లిజరైడ్లు 500 దాటితే క్లోమగ్రంథి వాచే ప్రమాదం కూడా ఉంటుంది, కాబట్టి ఆ రిపోర్టును నెలాఖరు దాకా సంచిలో పెట్టుకుని తిరగవద్దు.

ఇక అందరూ పొరపడే చోటు ఒకటుంది. నల్లకుంట నుంచి వచ్చే ఒకావిడ తన భర్త రిపోర్టు తెచ్చి, "చూడండమ్మా, ఒక్క అంకె కూడా ముద్దక్షరాల్లో లేదు, అన్నీ బాగున్నాయి" అని కౌంటరు మీద పరిచారు. ఎల్‌డీఎల్ 94. ఆయనకు రెండేళ్ల కిందట స్టెంటు వేశారు. ల్యాబు పక్కన అచ్చువేసే హద్దులు ఊళ్లో అందరికీ కలిపి వేసినవి, ఆ రక్తం ఎవరిదో వాటికి తెలియదు. కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024లో మన దేశానికంటూ కొలెస్టరాల్ మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం ప్రమాదం తక్కువున్న మామూలు మనిషికి ఎల్‌డీఎల్ 100 లోపు ఉండాలి. షుగరు, బీపీ లాంటివి ఉండి ప్రమాదం ఎక్కువున్నవారికి 70 లోపు ఉండాలి. గుండెపోటు వచ్చినవారికి, స్టెంటు వేసినవారికి 55 లోపు ఉండాలి. నాన్ హెచ్‌డీఎల్ అయితే ఆ మూడు వర్గాలకూ వరసగా 130, 100, 85. ఆవిడ భర్తకు 94 అంటే పని సగమే అయినట్టు. ఆ రాత్రే రిపోర్టు మీద పెన్సిలుతో 55 అని రాసి ఇచ్చాను, డాక్టరు దగ్గర మొదట ఆ మాటే అడగమని. మీరు కూడా డాక్టరును అడగాల్సిన మొదటి ప్రశ్న అదే: "నా ఎల్‌డీఎల్ ఎంత లోపు ఉండాలి?" జవాబును ఫైలు అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసుకోండి.

పరగడుపున వెళ్లాలా అని రోజూ అడుగుతారు. ఆ మార్గదర్శకాలే మొదటి పరీక్షకు పరగడుపు అవసరం లేదన్నాయి. ట్రైగ్లిజరైడ్లు బాగా ఎక్కువ వస్తే మళ్లీ పరగడుపున చేయిస్తారు. డబ్బుకు ఇబ్బంది అయితే దగ్గరి బస్తీ దవాఖానాకు వెళ్లండి. రక్తం తీసి పరీక్షకు పంపుతారు, ఉచితమే.

ఇంకో రెండు పరీక్షలు ఒక్కసారైనా చేయించుకోవాలని నేను గట్టిగా చెబుతాను. ఒకటి థైరాయిడ్. థైరాయిడ్ మందకొడిగా ఉంటే ఎల్‌డీఎల్ పెరుగుతుంది. దాన్ని సరిచేస్తే కొలెస్టరాల్ చాలావరకు దానంతటదే దిగిన ఆడవాళ్లను చూశాను. రెండోది లైపోప్రొటీన్ ఎ, రక్తంలో ఎల్‌డీఎల్ లాంటిదే ఇంకో రకం. ఇది తల్లిదండ్రుల నుంచి వచ్చేది, తిండితోనూ నడకతోనూ పెద్దగా మారదు, అందుకే జీవితంలో ఒక్కసారి చూసుకుంటే చాలు. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చి ఉంటే ఇది తప్పనిసరి అనుకోండి.

ఎల్‌డీఎల్ 190 దాటి వచ్చినా, కనురెప్పల దగ్గర పసుపు పచ్చని మచ్చలు లేచినా, మడమ వెనక స్నాయువు (కండరాన్ని ఎముకకు కట్టే తాడు లాంటిది) దళసరిగా ఉబ్బినా, అది వంశపారంపర్యమైన కొలెస్టరాల్ కావచ్చు. ఆ మాట డాక్టరుతో చెప్పి, అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు, పిల్లలకు కూడా పరీక్ష చేయించండి. చదువుకునే పిల్లలకు కొలెస్టరాల్ ఏమిటని వాదించేవారుంటారు. ఈ రకం పుట్టుకతోనే ఉంటుంది.

మాత్ర వేసుకోవడం, మందుల పేర్లు

అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ ఒంట్లో చాలాసేపు పనిచేస్తాయి, కాబట్టి పొద్దున వేసుకున్నా రాత్రి వేసుకున్నా ఒకటే. రాత్రే వేసుకోవాలన్న మాట పాత మాత్రల నుంచి వచ్చింది. సిమ్వాస్టాటిన్ లాంటివి ఒంట్లోంచి తొందరగా వెళ్లిపోతాయి, కాలేయం కొలెస్టరాల్ తయారుచేసేది రాత్రిపూట ఎక్కువ, అందుకని అవి రాత్రి వేసుకోవాలి. మీ మాత్ర మొదటి రెండింట్లో ఒకటైతే, మీరు ఎప్పుడూ మరిచిపోని పని పక్కన దాన్ని పెట్టుకోండి. అన్నయ్య పొద్దున పళ్లు తోముకునే బ్రష్షు పక్కనే డబ్బీ పెట్టాడు. మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు అదే రోజు వేసుకోండి. మర్నాడు రెండు కలిపి వేసుకోవద్దు. మొదలుపెట్టాక, లేదా మోతాదు మార్చాక, నాలుగు నుంచి పన్నెండు వారాల మధ్య మళ్లీ పరీక్ష చేయించాలి. తర్వాత డాక్టరు చెప్పిన గడువు ప్రకారం.

స్ట్రిప్పు మీద బ్రాండు పేరు కాదు, మందు పేరు చదవడం నేర్చుకోండి. చివర 'స్టాటిన్' అని ఉంటుంది. ఇది ఎందుకు ముఖ్యమో ఒక సంఘటన చెబుతాను. విద్యానగర్ నుంచి వచ్చే ఒక పెద్దాయన రెండు చీటీలు ఇచ్చారు. ఒకటి గుండె డాక్టరుది, ఒకటి షుగరు డాక్టరుది. బ్రాండు పేర్లు వేరు, రంగులు వేరు. రెండు స్ట్రిప్పులూ తిరగేసి పక్కపక్కన పెడితే రెంటి మీదా అటోర్వాస్టాటిన్ 40 అనే ఉంది. అయిదు వారాలుగా రెండూ వేసుకుంటున్నారు. తొడలు లాగుతున్నాయని ఆ మధ్య నొప్పి మాత్రలు కూడా తీసుకెళ్లారు. వెంటనే డాక్టరుకు ఫోను చేయించాను. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా మీరు వాడుతున్న స్ట్రిప్పులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. నోటితో చెప్పే పేర్లు సరిపోవు.

కలిపి వచ్చే క్యాప్సూళ్ల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. స్టెంటు వేసినవారికి చాలామందికి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, స్టాటిన్ మూడూ ఉన్న ఒకే క్యాప్సూలు రాస్తారు. ఇళ్లల్లో దాని పేరు "రక్తం పలచబడే మాత్ర". పన్ను తీయించుకునే ముందు రక్తం పలచబడే మాత్ర ఆపమని ఎవరో చెబుతారు, వీళ్లు ఆ క్యాప్సూలు ఆపేస్తారు, దాంతో స్టాటిన్ కూడా ఆగిపోతుంది. పన్ను మానాక కూడా మళ్లీ మొదలుపెట్టనివాళ్లున్నారు. అసలు స్టెంటు వేసినవారు, ముఖ్యంగా మొదటి ఏడాదిలో, రక్తం పలచబడే మాత్రను గుండె డాక్టరును అడగకుండా ఒక్కరోజు కూడా ఆపకూడదు. స్టెంటులో గడ్డ కడితే ప్రాణం మీదికి వస్తుంది.

స్ట్రిప్పులో అయిదు మాత్రలు కత్తిరించి తీసుకెళ్లేవారు మందు పేరు, గడువు తేదీ ఉన్న వైపు మీ ముక్కలో ఉండేలా అడగండి. విసుక్కునే షాపు అయితే వేరే షాపుకు వెళ్లండి. ఖరీదు భారమైతే జన ఔషధి కేంద్రానికి వెళ్లి, అదే మందు, అదే మిల్లీగ్రాములు అడిగి తీసుకోండి. పేరున్న బ్రాండు వాడుతూ నెలలో పది రోజులు ఎగ్గొట్టడం కంటే చవక మాత్ర ముప్పై రోజులూ వేసుకోవడం ఎంతో మేలు.

వేరే మందులతో పడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. హైదరాబాద్‌లో తామర ఎక్కువ, దానికి ఇట్రాకొనజోల్ క్యాప్సూళ్లు వారాల తరబడి రాస్తారు. అది అటోర్వాస్టాటిన్‌ను, ఇంకా ఎక్కువగా సిమ్వాస్టాటిన్‌ను రక్తంలో పేరుకుపోయేలా చేస్తుంది. ఛాతీ ఇన్‌ఫెక్షన్లకు రాసే క్లారిత్రోమైసిన్ కూడా అంతే. ఆ డాక్టర్లకు "నేను స్టాటిన్ వాడుతున్నాను" అని చెప్పండి, వాళ్లు మందు మారుస్తారు లేదా ఆ కొన్ని రోజులూ స్టాటిన్ ఎలా వాడాలో చెబుతారు. రోసువాస్టాటిన్ వేసుకునేవారు ఎసిడిటీకి తాగే గులాబీ రంగు సిరప్‌ను మాత్ర తర్వాత కనీసం రెండు గంటలు ఆగి తాగాలి. రెండూ ఒకేసారి పడితే మాత్ర సరిగ్గా ఒంటికి పట్టదు. గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు, గర్భవతులు, పాలిచ్చే తల్లులు ఈ మాత్ర సంగతి ముందే డాక్టరుతో మాట్లాడాలి.

నొప్పులు, భయాలు

మాత్ర మానడానికి రెండో పెద్ద కారణం ఒళ్లు నొప్పులు. నొప్పులు అబద్ధమని నేను అనను. నిజంగా వచ్చేవాళ్లున్నారు. అయితే లండన్‌లో ఒక ప్రయోగం చేశారు. దుష్ప్రభావాల వల్ల స్టాటిన్ మానేసిన అరవై మందికి పన్నెండు సీసాలు ఇచ్చారు. నాలుగింట్లో స్టాటిన్, నాలుగింట్లో మందే లేని ఉత్తుత్తి మాత్రలు, నాలుగు ఖాళీ. నెలకొక సీసా. స్టాటిన్ వేసుకున్న నెలల్లో పడ్డ బాధలో తొంభై శాతం ఉత్తుత్తి మాత్ర వేసుకున్న నెలల్లోనూ పడ్డారు. ఆ లెక్క చూపించాక సగం మంది మళ్లీ స్టాటిన్ మొదలుపెట్టారు. 2020లో వచ్చిన ఈ ఫలితం నాకు చాలా ఉపయోగపడింది. వాట్సాప్‌లో చూసిన భయంతో మొదటి స్ట్రిప్పు చేతిలోకి తీసుకునేవారికి దాన్ని ఓపికగా చెబుతాను.

నొప్పి వస్తే చేయాల్సింది ఇది. ఎప్పుడు మొదలైంది, రెండు కాళ్లలోనూ ఉందా, మెట్లెక్కేటప్పుడు ఉందా అని నాలుగు రోజులు కాగితం మీద రాసి డాక్టరుకు చూపండి. కండరాలు దెబ్బతిన్నాయేమో తెలిపే సీకే అనే రక్త పరీక్ష, విటమిన్ డి, థైరాయిడ్ చూస్తారు. మోతాదు తగ్గించవచ్చు, వేరే స్టాటిన్‌కు మార్చవచ్చు, కొందరికి రోసువాస్టాటిన్ రోజు విడిచి రోజు ఇస్తారు. మోతాదు రెట్టింపు చేసినంత మాత్రాన ఎల్‌డీఎల్ ఇంకో ఆరు శాతమే తగ్గుతుంది, అందుకే పెద్ద మోతాదు పడనివారికి చిన్న మోతాదుతో పాటు ఎజెటిమైబ్ కలుపుతారు. అది పేగుల్లో కొలెస్టరాల్‌ను పీల్చుకోనివ్వదు, ఇంకో ఇరవై శాతం దాకా తగ్గిస్తుంది. అదీ చాలకపోతే బెంపెడోయిక్ ఆమ్లం, ఆరు నెలలకొకసారి వేసే ఇంక్లిసిరాన్ ఇంజెక్షను ఉన్నాయి. ఇన్ని దారులుండగా మీ అంతట మీరు ఆపేసి ఊరుకోవడం ఎందుకు?

ఒక్క సందర్భంలో మాత్రం మాత్ర ఆపి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. కండరాలు విపరీతంగా నొప్పెట్టి, బలహీనమై, మూత్రం డికాషన్ రంగులో వస్తే. చాలా అరుదు, కానీ కిడ్నీలకు ప్రమాదం.

కాలేయం చెడిపోతుందన్న భయం ఎక్కువ మందికి ఉంది. మొదట్లో ఎంజైములు కొద్దిగా పెరగవచ్చు. మామూలు హద్దుకు మూడు రెట్లు దాటితేనే డాక్టర్లు పట్టించుకుంటారు. షుగరు వచ్చే అవకాశం కొద్దిగా పెరిగే మాట నిజం, అదీ ఎక్కువగా షుగరు అంచున ఉన్నవారిలో. గుండెపోటును ఆపే మేలు ముందు అది చిన్నది. షుగరు ఉన్నవారికే ఈ మాత్ర అవసరం ఇంకా ఎక్కువ.

తెల్లమద్ది బెరడు కషాయం, వెల్లుల్లి, కరివేపాకు పొడి వాడతామంటారు. వెల్లుల్లి, కరివేపాకు వంటలో హాయిగా తినండి. కషాయాలు, పొడులు వాడితే ఆ సంగతి డాక్టరుకు చెప్పి వాడండి. దేన్నీ మాత్ర స్థానంలో పెట్టకండి.

తిండి, నడక

తిండితో ఎల్‌డీఎల్ పది పదిహేను శాతం తగ్గించగలమేమో. మంచి మోతాదు స్టాటిన్ సగం తగ్గిస్తుంది. అందుకే తిండి మార్చాను కాబట్టి మాత్ర వద్దనడం తప్పు, మాత్ర ఉంది కాబట్టి ఏదైనా తింటాననడమూ తప్పు.

మొదట నూనె, కొవ్వుల రకం చూడండి. పామాయిల్, కొబ్బరి నూనె, నెయ్యి, వనస్పతి తగ్గించి వేరుశనగ, నువ్వులు, తవుడు నూనెలు మార్చి మార్చి వాడండి. మా ఇంట్లో మనిషికి నెలకు అర లీటరు, అంతకు మించి సీసా తెరవను. మిర్చిబజ్జీల బండి దగ్గర నల్లగా మారిన మూకుడు నూనె చూస్తే ఇంకేమీ చెప్పనక్కర్లేదు. ఇరానీ చాయ్ మానమని నేనెవరికీ చెప్పను, చాయ్‌తో పాటు ప్లేటులో వచ్చే నాలుగు ఉస్మానియా బిస్కెట్లు ఒకటి చేయమంటాను. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ పక్కన బతుకుతూ బిర్యానీ తినవద్దంటే ఎవరూ వినరు. నెలకొకసారి, చర్మం తీసిన చికెన్‌తో, పక్కన గోంగూర బదులు ఒక గిన్నెడు దోసకాయ ముక్కలు.

తగ్గించడం కంటే కలుపుకోవడం తేలిక. జొన్నరొట్టె, ఉలవచారు కంటే ఉడికించిన ఉలవలు, శనగలు, పెసలు, ఓట్స్, ఆకుకూరలు. వీటిలోని పీచు పేగుల్లో కొలెస్టరాల్‌ను పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. రాత్రి ఒక చెంచాడు ఇసబ్‌గోలు పెద్ద గ్లాసు నీళ్లలో తాగినా ఎల్‌డీఎల్ కొంత దిగుతుంది, మాత్రలకు మాత్రం కాస్త ఎడంగా తాగండి. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్నవారు నూనె కంటే ముందు తెల్లన్నం, తీపి, మద్యం తగ్గించాలి. ఇది చాలామందికి తెలియదు. నెయ్యి మానేశాను, అయినా ట్రైగ్లిజరైడ్లు తగ్గలేదంటారు, పళ్లెంలో అన్నం మాత్రం అంతే ఉంటుంది.

నడక వారానికి 150 నిమిషాలు, మాట్లాడగలిగి పాట పాడలేనంత వేగంతో. సుందరయ్య పార్కు, ఇందిరా పార్కు, కేబీఆర్ పార్కు, ఏది దగ్గరైతే అది. సిగరెట్టు ఉంటే అది మానడమే అన్నిటికంటే ముందు.

గ్యాస్ అనుకోకండి

మా షాపుకు తెల్లవారుజామున, రాత్రి పొద్దుపోయాక వచ్చే "గ్యాస్ మాత్ర ఇవ్వండి" అన్న మాట అంటే నాకు భయం. నలభై దాటినవారెవరైనా అలా అడిగితే నేను ముందు ముఖం చూస్తాను. చెమట పట్టిందా, చెయ్యి ఛాతీ మీద ఉందా అని చూస్తాను. ప్రపంచంలో మిగతావారికంటే మన దక్షిణాసియా వాళ్లకు మొదటి గుండెపోటు అయిదారేళ్లు ముందే వస్తుంది. ఛాతీ మధ్యలో బరువు, బిగింపు, మంట, ఎడమ చేతికో దవడకో వీపుకో పాకే నొప్పి, చల్లటి చెమట, ఆయాసం, వాంతి వచ్చేట్టు ఉండటం. షుగరు ఉన్నవారికి, ఆడవారికి నొప్పి పెద్దగా లేకుండా ఆయాసం, నీరసమే రావచ్చు. పది నిమిషాల్లో తగ్గకపోతే గ్యాస్ మాత్రతో పరీక్ష పెట్టవద్దు. ఈసీజీ తీస్తే తప్ప అది గ్యాసో గుండెనో నాకూ తెలియదు, మీకూ తెలియదు.

108కి ఫోను చేయండి. మనిషిని కూర్చోబెట్టండి, నడిపించవద్దు. లిఫ్టు లేని మూడో అంతస్తు నుంచి మెట్లు దింపించి, బైకు వెనక కూర్చోబెట్టి తీసుకెళ్లినవారిని చూశాను. అలా చేయవద్దు, కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు పట్టుకుని దింపండి. ఆస్పిరిన్ పడనివారు, కడుపులో పుండ్లు, రక్తస్రావం ఉన్నవారు కాకపోతే, 108లో మాట్లాడేవారిని అడిగి 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలి మింగించవచ్చు. నాలుక కింద పెట్టే మాత్ర పక్కింటివారిది తెచ్చి పెట్టవద్దు, బీపీ పడిపోతే ఇంకా ప్రమాదం. యాంజియోప్లాస్టీ (మూసుకుపోయిన గుండె రక్తనాళాన్ని తెరవడం) చేసే సౌకర్యం ఉన్న ఆసుపత్రి మీ ఇంటికి దగ్గర్లో ఏదో ఈ రోజే కనుక్కుని ఇంట్లో అందరికీ చెప్పండి. ఆ రాత్రి వెతుక్కునే తీరిక ఉండదు.

చివరగా ఒక చీటీ. అన్నయ్య చొక్కా జేబులో ప్లాస్టిక్ కవరులో ఉన్నదాన్ని చూసి అందరికీ అలాగే రాసిస్తున్నాను. పైన పేరు, వయసు, రక్తం గ్రూపు. కింద "షుగరు ఉంది, స్టెంటు 2018". దాని కింద మందుల అసలు పేర్లు, మిల్లీగ్రాములు, వేసుకునే వేళ. తర్వాత చివరి ఎల్‌డీఎల్, దాని తేదీ, అన్నయ్యదిప్పుడు 51. పడని మందులుంటే ఎర్ర సిరాతో. అట్టడుగున వదిన ఫోను నంబరు, నాది. మోతాదు మారినప్పుడల్లా పాత చీటీ చించేసి కొత్తది రాయండి, కొట్టివేతలున్న చీటీని హడావిడిలో ఎవరూ సరిగ్గా చదవలేరు.